దేవిడీ గడప దాటిన వస్తువులు

1949 ఆగస్టులో హైదరాబాద్‌లో జాగీర్లు రద్దయ్యాయి. రాష్ట్రంలో దాదాపు మూడో వంతు భూమి జాగీర్దారుల చేతుల్లోంచి సర్కారు కిందికి వచ్చింది. ఎవరి జాగీరు ఎంత, ఎవరికి ఎంత పరిహారం అన్నదంతా దస్త్రాలకెక్కింది. ఆ జాగీర్ల రాబడితో వెలిగిన దేవిడీల్లోని, అంటే జాగీర్దారుల భవంతుల్లోని షాండ్లియర్లు, బిద్రీ హుక్కాలు, ఇత్తడి పాన్‌దాన్లు, చేతిరాత పుస్తకాలు ఎటు పోయాయో తెలియాలంటే మాత్రం దస్త్రాలు చాలవు. చార్మినార్ చుట్టూ ఉన్న బజార్లు తిరగాలి.

వరద వెంట వచ్చిన వీధి

నయాపూల్ దాటి మదీనా చౌరస్తా మీదుగా చార్మినార్ వైపు నడిస్తే, దారికి రెండు వైపులా ఒకే తీరున సాగే గ్రానైటు కమానులు కనిపిస్తాయి. ఇదే పత్థర్‌గట్టి. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద వేలాది ప్రాణాలు తీసింది. ఇరుకు సందుల్లో కిక్కిరిసిన ఇళ్లు ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసొచ్చింది. నగరాన్ని తీర్చిదిద్దేందుకు 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఆ బోర్డు చేసిన పనుల్లో పత్థర్‌గట్టి ఒకటి. దారిని వెడల్పు చేసి, కింద దుకాణాలు, పైన నివాసాలు ఉండేలా రాతితో కట్టారు. ఎండకూ వానకూ ఇబ్బంది పడకుండా బేరం చేసుకునే నీడ ఆ కమానుల కింద దొరికింది. ఇవాళ అక్కడ ముత్యాలు, పెళ్లి బట్టలు, అత్తర్లు అమ్ముతున్నారు. ముత్యాలు ఈ నేలలో పుట్టినవి కావు. ఒకప్పుడు గల్ఫ్ తీరం నుంచి వచ్చేవి. వాటికి బెజ్జం వేసి, వన్నె చూసి ఏరి, దండ గుచ్చే నేర్పు ఇక్కడిది.

గడియార స్తంభం చుట్టూ

చార్మినార్‌కు పడమర లాడ్‌బజార్. దాని చివర మహబూబ్ చౌక్. అక్కడి గడియార స్తంభాన్ని 1892లో నాటి ప్రధాని, పాయిగా వంశీకుడు ఆస్మాన్ జా కట్టించారు. కోళ్లు, పక్షులు అమ్మడం వల్ల జనం ఆ చోటును ముర్గీ చౌక్ అన్నారు. పాత సామాన్ల దుకాణాలకూ ఈ చుట్టుపక్కల వీధులే పేరుపడ్డాయి.

జాగీరు పోయాక దేవిడీకి మిగిలింది ఖర్చే. పరిహారం వాయిదాల్లో వచ్చేది. నౌకర్ల జీతాలు, ఇంటి మరమ్మతులు, వారసుల పంపకాలు వాయిదాల కోసం ఆగవు. మొదట వెండి కదిలింది. తర్వాత గాజు సామాను, మేజాబల్లలు, చివరికి తలుపులు, స్తంభాలు. కాలక్రమంలో ఎన్నో దేవిడీలే నేలమట్టమయ్యాయి.

అదృష్టం అన్నిటికీ ఒకేలా లేదు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949 మార్చిలో కన్నుమూశారు. ఆయనకు సంతానం లేదు. ఆయన సేకరణతో 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో మ్యూజియం తెరుచుకుంది. 1968లో అది మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. అలా ఒక ఇంటి వస్తువులకు పేరూ, సంఖ్యా, అద్దాల పెట్టే దక్కాయి. మరెన్నో ఇళ్ల వస్తువులు చీటీ అయినా లేకుండా బజారుకు చేరాయి. దివాన్ దేవిడీ సైతం చాలావరకు పోయింది. దాని పేరు ఇప్పుడు బట్టల బజారుకు మిగిలింది.

బతికున్న పనితనం

ఈ బజారంతా గతించిన వాళ్ల సామానే అనుకుంటే పొరపాటు. లాడ్‌బజార్ గాజుల వెనుక చిన్న చిన్న కార్ఖానాలున్నాయి. అక్కడ లక్కను నిప్పుల మీద మెత్తబరిచి, సాగదీసి, గాజుగా చుట్టి, వేడి ఆరకముందే రాళ్లూ అద్దం ముక్కలూ ఒక్కొక్కటిగా అద్దుతారు. రాయి ఆలస్యమైతే అంటదు, తొందరపడితే మునిగిపోతుంది. ఆ నిప్పుల ముందు గంటలకొద్దీ కూర్చునే కారీగర్ల ఓర్పుకు గుర్తింపుగా, 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది.

బిద్రీదీ ఇలాంటి కథే. ఆ పనికి పేరిచ్చిన బీదర్ 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోస్తారు. నగిషీ చెక్కి, గాడుల్లో వెండి తీగనో రేకునో పొదుగుతారు. బీదర్ కోటలోని మట్టి కలిపిన ద్రావణంతో రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే నిలుస్తుంది. మంచి బిద్రీ మీద వేలితో నిమిరితే వెండి అంచు తగలదు. పాత దుకాణంలో సరుకు చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

ధర కంటే ముందు

కొనేవాళ్లకు చట్టమూ తెలిసి ఉండాలి. పురావస్తువులు, కళాఖండాల చట్టాన్ని 1972లో చేశారు, 1976 నుంచి అది అమల్లో ఉంది. నూరేళ్లు దాటిన కళావస్తువులు, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు దీని కిందికి వస్తాయి. వాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. శిల్పాలు, వర్ణచిత్రాలు, బొమ్మలున్న రాతప్రతుల వంటివాటిని నమోదు చేయించాలి.

వస్తువును దేశంలో నిలిపే పని చట్టం చేస్తుంది. దాని కథను నిలపడం మన పని. ఏ ఇంటిదో తెలియని పాన్‌దాన్‌కు ఇత్తడి తూకమే విలువ. ఏ దేవిడీలో, ఎవరి పెళ్లికి చేయించారో తెలిస్తే అదే పాన్‌దాన్ ఒక కుటుంబానికీ, ఒక కాలానికీ సాక్ష్యం. తాతల నాటి నుంచి దుకాణం నడుపుతున్న వాళ్లకు ఇలాంటి సంగతులు ఎన్నో తెలుసు. అవన్నీ నోటిమాటగానే ఉన్నాయి. ఆ తరం వెళ్లిపోతే వస్తువులు మిగిలినా చరిత్ర మిగలదు.

అందుకే ఈ బజార్లకు వెళ్లినవాళ్లు ధర కంటే ముందు వస్తువు పుట్టుపూర్వోత్తరాలు అడగాలి. విన్నది తేదీతో సహా రాసి, రసీదుతో కలిపి దాచాలి. చరిత్ర విద్యార్థులూ మ్యూజియాలూ ఈ దుకాణదారుల మాటలను రికార్డు చేసే పనికి పూనుకోవాలి. మన అటకల మీది కావడిపెట్టెలకూ, కంచు గిన్నెలకూ ఇదే వర్తిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే ఒక కాగితం మీద రాసిపెడితే, రేపు ఆ వస్తువు ఎవరి చేతికి వెళ్లినా తన ఊరూ పేరూ పోగొట్టుకోదు.