అనంతగిరి - దామగుండం నడకదారులు

వికారాబాదు జిల్లాలోని అనంతగిరి కొండలలోను, పూడూరు మండలానికి చెందిన దామగుండం అడవిలోను, ఆ రెంటి దిగువన వాగుల గట్ల వెంబడిని సాగే కాలిబాటలను, బండిబాటలను కలిపి ఈ వ్యాసంలో నడకదారులుగా పేర్కొనడమైనది. ఇవి ప్రభుత్వం గుర్తులు వేసి, పటాలు ముద్రించి ఏర్పరచిన దారులు కావు. పశువుల కాపరులు, వంటచెరకుకు, తునికాకుకు అడవికి పోయేవారు, గుడికి కాలినడకన వెళ్ళే భక్తులు తరతరాలుగా తొక్కగా ఏర్పడినవి. ఇటీవలి దశాబ్దాలలో హైదరాబాదు నుంచి వచ్చే నడకప్రియులు, పక్షులను పరిశీలించేవారు కూడా వీటిని వాడుతూ వచ్చారు. వీటిలో దామగుండం భాగం 2024 నుంచి నౌకాదళ కేంద్రానికి కేటాయించిన స్థలంలోకి పోయింది.

నైసర్గిక స్వరూపం

హైదరాబాదుకు పడమరగా సుమారు 75 కి.మీ. దూరంలో వికారాబాదు పట్టణం, అక్కడికి సుమారు 6 కి.మీ. దూరంలో అనంతగిరి కొండలు ఉన్నాయి. ఇవి ఎత్తైన శిఖరాలు కలవి కావు. అంచులు వాలుగా దిగిపోయే ఒక పీఠభూమి అని చెప్పడమే సరియైనది. కింద నల్లని బసాల్టు శిల, దానిపైన లేటరైట్ అనే తూట్లు తూట్లుగా ఉండే ఎర్రరాయి పొర ఉన్నాయి. వాన నీరు ఎర్రరాయి గుండా లోనికి ఇంకి, కింది గట్టి శిలను తాకినచోట ఊటగా బయటికి వస్తుంది. వాననీటిని స్పంజి వలె పీల్చి నెమ్మదిగా వదలడం ఈ కొండల లక్షణం.

ఈ కొండలు నీటి విభజన రేఖ కూడా. తూర్పు వాలున మూసీ నది పుట్టి హైదరాబాదు మీదుగా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. పడమటి వాలు నీరు కాగ్నా నదిగా తాండూరు మీదుగా కర్ణాటకలోకి పోయి భీమానదిలో కలిసి, ఆ భీమా ద్వారా తుదకు కృష్ణనే చేరుతుంది. ఒకే కొండపై పడిన రెండు చినుకులు చెరొక దారిన పోయి, వందల కిలోమీటర్లు తిరిగి ఒకే నదిలో కలుసుకొంటాయన్నమాట. భూగోళ పాఠంలో నీటి విభజన రేఖను నల్లబల్లపై గీసి చూపడం కంటె పిల్లలను ఒకసారి ఈ కొండ అంచుకు నడిపించి చూపడం మేలు.

అడవి ఆకురాల్చే రకానికి చెందినది. మోదుగ, తునికి, నల్లమద్ది, చండ్ర, రేల, సీతాఫలం చెట్లు విరివిగా కనిపిస్తాయి. వేసవి మొదట్లో ఆకులు రాలిన అడవిలో మోదుగ పూలు తప్ప మరొక రంగు ఉండదు. జూలైలో వానలు పడిన తరువాత అదే దారిని ఆనవాలు పట్టడం కష్టం.

దారులు

హైదరాబాదు నుంచి బీజాపూరు పోయే రహదారిపై చేవెళ్ళ దాటిన తరువాత పూడూరు మండలంలోని మన్నెగూడ వస్తుంది. ఇక్కడ వికారాబాదు దారి, పరిగి దారి విడిపోతాయి. మన్నెగూడ వరకు రోడ్డుకు రెండు వైపులా పాత మర్రిచెట్ల వరుసలు ప్రసిద్ధి. పోలీసు అకాడమీ కూడలి నుంచి మన్నెగూడ వరకు 46 కి.మీ. మేర సుమారు తొమ్మిది వందల మర్రిచెట్లను లెక్కించారు. రోడ్డు విస్తరణలో ఇవి పోకుండా కాపాడాలన్న వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. బండ్లపై, కాలినడకన ప్రయాణం సాగిన రోజులలో నీడ కోసం నాటిన చెట్లు ఇవి. నడకదారి అనే మాటకు ఈ ప్రాంతంలో ఇంతకంటె మంచి నిదర్శనం లేదు. నేటి వాహనాల రద్దీలో ఈ మర్రినీడన నడవడం మాత్రం ప్రమాదకరం.

అనంతగిరిలో అనంతపద్మనాభస్వామి ఆలయం వద్ద నుంచి అడవిలోనికి దిగే బాటలు ఎక్కువమంది ఎరిగినవి. ఆలయం దిగువన గల గుండాన్ని భక్తులు పవిత్రంగా భావిస్తారు. ఇక్కడి స్వచ్ఛమైన గాలి కారణంగానే ఈ కొండపై క్షయవ్యాధి ఆసుపత్రి నెలకొన్నది. సెలవు దినాలలో వాహనాలు, ప్లాస్టిక్ సంచులు, బిగ్గరగా పాటలు పెట్టుకొనే గుంపులు ఆలయ పరిసరాలను నింపివేస్తున్నాయి. అరకిలోమీటరు లోపలికి నడిస్తే ఆ సందడి ఉండదు. కొండల అవతలి వాలున కోట్‌పల్లి జలాశయం ఉన్నది. దాని గట్టు మీది నడక ఉదయం వేళ ఆహ్లాదకరంగా ఉంటుంది.

దామగుండం బాటలు పూడూరు వైపు గ్రామాల నుంచి అడవిలోని రామలింగేశ్వరస్వామి ఆలయానికి చేరేవి. ఇవి అనంతగిరి బాటల వలె నిటారుగా ఉండవు. గడ్డి మైదానాలు, పొదలు, చిన్న కుంటలు ఒకదాని వెంట ఒకటి వస్తూ ఉంటాయి. నెమళ్ళకు ఈ అడవి పేరుపొందినది. చుట్టుపక్కల గ్రామాల పశువులకు మేత, కుంటలలో నీరు ఇక్కడే దొరికేవి కనుక బాటలు అన్ని దిక్కుల నుంచి వచ్చి కుంటల వద్ద కలిసేవి.

అడవి దాటి దిగువకు వస్తే బాట వాగు గట్టు ఎక్కుతుంది. ఇరువైపుల కంది, జొన్న, పత్తి, కూరగాయల చేలు. ఈ వాగులు మూసీకి, దాని ఉపనది ఈసీకి నీరందించేవి. 1908 సెప్టెంబరు వరదలలో హైదరాబాదు నగరం అతలాకుతలమైన తరువాత మూసీపై ఉస్మాన్ సాగర్ (1920), ఈసీపై హిమాయత్ సాగర్ (1927) నిర్మించారు. ఈ జలాశయాల పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాలలో నిర్మాణాలను నియంత్రిస్తూ 1996లో 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. 2022లో ప్రభుత్వం ఆ నియంత్రణలను సడలించింది.

ద్రాక్షతోటలు, ఫ్రాన్సుతో పోలిక

హైదరాబాదు పరిసరాలు, పూర్వపు రంగారెడ్డి జిల్లా ఒకప్పుడు ద్రాక్షకు పెట్టింది పేరు. ఇరవయ్యవ శతాబ్దపు తొలిభాగంలో నిజాం పాలనలో ఇక్కడ ద్రాక్ష సాగు మొదలైనది. అనాబ్-ఎ-షాహి అనే తెల్ల ద్రాక్ష ఈ నేలకు బాగా అమరింది. హెక్టారుకు సగటున 35 టన్నుల దిగుబడి ఇవ్వగల రకమిది. అయితే గింజ ఉంటుంది, బూజు తెగులుకు సులభంగా లోబడుతుంది. ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, అక్టోబరులో మరొకసారి కొమ్మలు కత్తిరించి, ఫిబ్రవరి మొదలు పండ్లు కోసేవారు. గింజలేని రకాలకు గిరాకీ పెరగడం, బోర్లు ఎండిపోవడం, కూలీల కొరత, వీటన్నిటికీ మించి నగరం చుట్టూ భూముల ధరలు పెరగడం వలన తోటలు చాలావరకు ఇళ్ళ స్థలాలైనాయి. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధనా స్థానం ఉన్నది.

ద్రాక్షతోటలు, అడవులు, నదీతీరాల గుండా నడిచే దారులకు ప్రపంచంలో ఫ్రాన్సు దేశం ప్రసిద్ధి. అక్కడి బుర్గుండీ ప్రాంతంలో ద్రాక్షతీగను నడుము ఎత్తు దాటనీయరు. నడిచేవానికి తోట పైనుంచి ఊరి చర్చి గోపురం దాకా కనబడుతుంది. మన తోటలలో రాతి స్తంభాలపై ఇనుప తీగలు లాగి, మనిషి ఎత్తుకు మించి పందిరి వేసేవారు. నడిచేవాడు తోటను చూడడు, దాని నీడలో ఉంటాడు. ఎండల దేశానికి తగిన ఏర్పాటు అది.

అసలైన తేడా తోటలలో కాదు, దారుల నిర్వహణలో ఉన్నది. ఫ్రాన్సులో దూరపు నడకదారులకు ఎరుపు, తెలుపు చారలు, స్థానిక దారులకు పసుపు చార గుర్తుగా చెట్లపై, రాళ్ళపై వేస్తారు. ఇట్టి తొలి దూరపు దారి 1947లో ఓర్లియాన్ సమీపాన లువార్ నది వెంట ప్రారంభమైనది. గుర్తులు వేసేది చాలావరకు స్వచ్ఛంద కార్యకర్తలే. 1983లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి జిల్లా వంటి విభాగం తన నడకదారుల జాబితాను తయారు చేసుకొంటుంది. ఆ జాబితాలోని గ్రామీణ దారిని అమ్మివేయాలన్నా, తొలగించాలన్నా దానికి బదులుగా తగిన మరొక దారిని చూపవలసి ఉంటుంది.

నౌకాదళ కేంద్రం, దారుల భవిష్యత్తు

సముద్రగర్భంలోని జలాంతర్గాములకు సందేశాలు పంపడానికి సాధారణ రేడియో తరంగాలు పనికిరావు. అవి ఉప్పునీటిలో చొరబడలేవు. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ వరకు గల చాలా తక్కువ పౌనఃపున్యపు తరంగాలు కొన్ని మీటర్ల లోతుకు పోగలవు. ఆ తరంగాల పొడవు పది నుంచి వంద కిలోమీటర్ల వరకు ఉంటుంది గనుక వాటిని ప్రసారం చేసే ఏంటెన్నాలకు విశాలమైన స్థలం కావాలి. దేశంలో ఇట్టి మొదటి కేంద్రం తమిళనాడులోని తిరునెల్వేలి వద్ద 1990లో ప్రారంభమైన ఐ.ఎన్.ఎస్. కట్టబొమ్మన్. రెండవదానికి దామగుండంలో సుమారు 2,900 ఎకరాల అటవీభూమి కేటాయించారు. 2024 అక్టోబరు 15న రక్షణశాఖ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. పర్యావరణవాదులు, కొందరు గ్రామస్థులు అభ్యంతరం తెలిపారు. హైకోర్టులో వ్యాజ్యాలు నడిచాయి. ఆలయానికి భక్తుల రాకపోకలకు వీలు ఉంటుందని ప్రభుత్వం తెలిపింది.

చెట్ల సంఖ్యపై జరిగినంత చర్చ దారులపై జరగలేదు. దేశరక్షణ అవసరాన్ని కాదనలేము. కాని గుడికి దారి మిగిలినా, కుంటకు, మేతకు, పక్క ఊరికి పోయే దారుల సంగతి ఏమిటన్నది వేరే ప్రశ్న. తెలంగాణ గ్రామాలలో ఈ ప్రశ్నకు ఒక పాత జవాబు ఉన్నది. గ్రామ నక్షాలో చుక్కల గీతలతో చూపిన బండిబాటను నక్షాబాట అంటారు. పొలం చేతులు మారినా ఆ బాటను దున్నివేయడానికి వీలులేదు, దున్నితే రెవెన్యూ అధికారికి ఫిర్యాదు చేయవచ్చును. నక్షాలో లేని కాలిబాటకు ఆ రక్షణ లేదు. రిజర్వు అడవిగా ప్రకటించే సమయంలో దారి, మేత, నీటి హక్కులను కోరుకొనే అవకాశం అటవీ చట్టంలో ఉన్నది. గడువులోపల కోరకపోతే ఆ హక్కు రద్దవుతుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సామూహిక హక్కులకు మరొక మార్గం చూపింది. అనంతగిరిని కేంద్ర ప్రభుత్వం స్వదేశ్ దర్శన్ 2.0 పథకంలోకి ఎంపిక చేసింది. అక్కడి బాటలను పటంపైకి ఎక్కించి ప్రతి మలుపులో గుర్తు రాయి పాతడం కట్టడాలతో పోలిస్తే అతి తక్కువ ఖర్చుతో అయ్యే పని.

నడవడానికి జూలై చివర నుంచి జనవరి వరకు అనుకూలమైన కాలం. వేసవిలో ఎండు ఆకులకు నిప్పు అంటుకొనే ప్రమాదం ఉన్నందున అడవిలో పొయ్యి వెలిగించరాదు. రిజర్వు అడవి లోపలికి పోవడానికి అటవీశాఖ అనుమతి అవసరం. దామగుండంలోని నౌకాదళ స్థలంలోనికి అనుమతి లేనిదే వెళ్ళరాదు.