సూరత్ సమాధి రాళ్ళు: అర్మేనియన్ ప్రవాసుల కథ



కిమ్ స్టేషనులో సూరత్ వైపు వెళ్ళే పాసింజరు రైలు ఎక్కితే సాయణ్, కోసాడ్, ఉత్రాణ్ దాటాక తాపీ నది వస్తుంది. వంతెన దాటితే సూరత్. స్టేషను నుంచి కతార్‌గాం దర్వాజా పెద్ద దూరమేమీ కాదు. అక్కడ పురావస్తు శాఖ రక్షణలో పాత డచ్చి, అర్మేనియన్ సమాధులున్నాయి. డచ్చివారి సమాధులు మేడల్లా ఉంటాయి. మలబారు మొక్కల మీద పెద్ద గ్రంథం తయారు చేయించిన వాన్ రీడె సమాధికైతే రెండంతస్తుల గుమ్మటమే కట్టారు. చూడ్డానికి వచ్చినవారు దానికి ఫోటో తీసుకొని వెళ్ళిపోతారు. అర్మేనియన్ల రాళ్ళు మాత్రం నేలబారుగా ఉంటాయి. వాటి మీది లిపి చదవగలిగినవారు ఈనాడు సూరత్‌లో దొరకడం కష్టం. మన ప్రసంగం ఆ రాళ్ళ గురించి.

సూరత్‌లో నమోదైన అర్మేనియన్ సమాధి శాసనాల్లో పాతది మరినాస్ అనే స్త్రీది. ఆమె ఓస్కన్ అనే మతగురువు భార్య. యాభై మూడేళ్ళ వయసులో, అర్మేనియన్ శకం 1028లో చనిపోయింది. ఆ శకానికి 551 కలిపితే మన లెక్క వస్తుంది, అంటే క్రీ.శ. 1579. అక్బరు సూరత్‌ను గెలిచి అప్పటికి ఆరేళ్ళే అయింది. ఇంగ్లీషు కంపెనీ ఇంకా పుట్టనేలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఈ రాయి చెప్పేది ఒక మరణవార్త మాత్రమేనా? ఒక మతగురువు భార్యతో సహా ఇక్కడ కాపురమున్నాడంటే, ఆయన చేత ప్రార్థనలు చేయించుకొనే కుటుంబాలు కొన్నయినా ఉండి ఉండాలి. సరుకు అమ్ముకొని మరుసటి ఓడలో వెళ్ళిపోయే వర్తకులకు గురువు అక్కరలేదు. చరిత్ర విద్యార్థి ఒక శాసనాన్ని చదవవలసిన తీరు ఇది.

ఇంకో సంగతి కూడా ఉంది. అర్మేనియన్లు ప్రపంచమంతా చెదిరిపోవడానికి కారణం తరిమివేతే అని సాధారణంగా రాస్తారు. అందులో నిజముంది. అరాస్ నది ఒడ్డున జుల్ఫా అనే వర్తక పట్టణం ఉండేది. 1604లో పర్షియా చక్రవర్తి షా అబ్బాస్ దాన్ని ఖాళీ చేయించి జనాన్ని తన రాజధాని ఇస్ఫహానుకు తరలించాడు. దారిలో ఎందరో చచ్చిపోయారు. బతికినవారు ఇస్ఫహాను పక్కనే కొత్త జుల్ఫా కట్టుకొన్నారు. కాని మరినాస్ సమాధి దానికి పాతికేళ్ళ ముందుది. వలస అనేది ఒక్క కారణంతో జరగదన్నమాట. కొందరిని కత్తి తరిమింది, కొందరిని సరుకు పిలిచింది.

ఆ సరుకు ఏమిటో, దాని వెంట ఎంత దూరం వెళ్ళారో తెలియాలంటే హొవ్‌హన్నెస్ అనే గుమాస్తా చిట్టా చూడాలి. అది నేడు పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లోని గ్రంథాలయంలో ఉంది. కొత్త జుల్ఫా షావుకార్ల పెట్టుబడితో 1682లో బయలుదేరి, బందర్ అబ్బాస్ రేవు మీదుగా సూరత్ చేరాడు. అక్కడినుంచి ఆగ్రా. ఆగ్రా వైపు నీలిమందు కొని సూరత్‌కు పంపాడు. తరువాత నేపాల్ దాటి టిబెట్టులోని లాసా చేరి అయిదేళ్ళున్నాడు. అక్కడ కస్తూరి, బంగారం బేరం. ప్రతి ఊళ్ళో తూకాలు వేరు, నాణేలు వేరు. అన్నీ ఓపిగ్గా రాసుకొన్నాడు. ఏ భాషలో అనుకొన్నారు? దారి పొడవునా పారశీకం, హిందుస్తానీ మాట్లాడినా, లెక్క రాసింది తన జుల్ఫా యాసలో, క్రీ.శ. 405 ప్రాంతంలో మెస్రోప్ మష్తోత్స్ కల్పించిన అర్మేనియన్ లిపిలో. పరాయివాడికి అర్థంకాని చిట్టా వ్యాపారానికీ మంచిదే అనుకోండి! కాని అసలు సంగతి, యజమానికీ గుమాస్తాకూ మధ్య వేల మైళ్ళు ఉన్నప్పుడు నమ్మకానికి ఆధారం ఆ భాష, ఆ బంధుత్వం, ఆ చర్చి. మోసం చేసినవాడికి ఏ రేవులోనూ తనవాళ్ళ తలుపు తెరుచుకోదు.

పైకి మాత్రం వాళ్ళు ఎక్కడికక్కడ కలిసిపోయారు. ముస్లిం షావుకార్లలాగే 'ఖోజా' అని బిరుదు పెట్టుకొన్నారు. ఇంగ్లీషువారితో 1688లో లండన్‌లో ఖోజా పానోస్ కలందర్ ఒడంబడిక కుదిర్చాడు. కంపెనీ పట్టణాల్లో కాపురముండే హక్కు వచ్చింది. ఎక్కడ నలభైమంది అర్మేనియన్లు స్థిరపడితే అక్కడ కంపెనీ చర్చి కట్టించి, ఏడేళ్ళపాటు గురువుకు ఏటా యాభై పౌనులు ఇవ్వాలని కూడా రాయించుకొన్నారు. వర్తక ఒప్పందంలో చర్చి మాట రాయించుకోవడం గమనించండి.

అయినా సొంత రాజ్యం లేనివారి సరుకుకు కాపలా ఎవరు? 1698 జనవరిలో బెంగాల్ నుంచి సూరత్ వస్తున్న క్వెడా మర్చెంట్ అనే ఓడను కెప్టెన్ కిడ్ కొచ్చిన్ వైపు సముద్రంలో దోచుకొన్నాడు. పట్టు, మస్లిన్, చక్కెర నిండిన ఆ ఓడను అద్దెకు తీసుకొన్నది అర్మేనియన్లు. సూరత్‌లో గొడవ చెలరేగింది, మొగలు అధికారులు ఇంగ్లీషువారిని నిలదీశారు. ఖోజా బాబా అనే వర్తకుడు తనవారి తరఫున లండన్ దాకా వెళ్ళి కామన్స్ సభకు అర్జీ పెట్టుకొన్నాడు. 1701లో కిడ్‌ను ఉరి తీశారు.

పద్దెనిమిదో శతాబ్దంలో మొగలు పాలన సడలింది, తాపీ ముఖద్వారం పూడింది, వ్యాపారం బొంబాయికి తరలింది. దానితోపాటు అర్మేనియన్లూ తరలిపోయారు. సూరత్‌లో రాళ్ళు మిగిలాయి. మన తెలుగునాట గోల్కొండ వజ్రాల కోసం, మచిలీపట్నం అద్దకం బట్టల కోసం వచ్చినవారి గుర్తులూ ఇంతే. హైదరాబాదు ఉప్పుగూడలో వారి పాత శ్మశానం ఉంది, బస్తీ మధ్యలో.

మద్రాసులో మాత్రం రాళ్ళకు మించినవి మిగిలాయి. అక్కడ షహమీర్ షహమీరియన్ అనే వర్తకుడి కుటుంబం 1772లో అర్మేనియన్ అచ్చుకూటం పెట్టింది. రాబోయే స్వతంత్ర అర్మేనియాకు రాజ్యాంగం ఎలా ఉండాలో ఒక పుస్తకం అచ్చయింది. ముఖపత్రం మీద 1773 అని ఉంది; ముద్రణ ఆ తరువాతే ముగిసిందని పలువురు పరిశోధకుల అభిప్రాయం. దేశం లేదు, రాజు లేడు, ఉన్నదల్లా చెన్నపట్నంలో ఒక అచ్చుకూటం. దానిమీద పరిపాలనా సూత్రాలు! 1794లో హరుత్యున్ ష్మవోనియన్ అనే మతగురువు అదే ఊళ్ళో 'అజ్దరార్' పత్రిక మొదలుపెట్టాడు. ప్రపంచంలోనే తొలి అర్మేనియన్ పత్రిక అది. రెండేళ్ళే నడిచింది.

1915లో ఒట్టోమన్ సామ్రాజ్యంలో జరిగిన మారణకాండ ప్రవాసానికి అర్థాన్నే మార్చింది. ఈసారి వెళ్ళినవారు షావుకార్లు కారు, శరణార్థులు, అనాథలు. బేరూత్, అలెప్పో, మార్సెయ్, తరువాత లాస్ ఏంజెలస్. ఎక్కడికి పోయినా ముందు చర్చి, వెంటనే బడి. అయినా వారు మాట్లాడిన పశ్చిమ అర్మేనియన్ భాష ప్రమాదంలో ఉందని 2010లో యునెస్కో నమోదు చేసింది. 1991లో స్వతంత్ర అర్మేనియా ఏర్పడింది గాని అక్కడి రాజభాష తూర్పు మాండలికం. బడులున్నా పిల్లలు ఇంట్లో ఫ్రెంచి, ఇంగ్లీషు మాట్లాడుతుంటే బడి ఒక్కటే ఏం చేయగలదు? కలకత్తాలో 1821లో పెట్టిన అర్మేనియన్ కళాశాల ఇంకా నడుస్తోంది. స్థానిక పిల్లలు తగ్గిపోవడంతో ఇరాన్, ఇరాక్, అర్మేనియాల నుంచి పిల్లలను తెచ్చుకొంటున్నారు.

ఇప్పుడు మళ్ళీ రైలెక్కి వెనక్కి వద్దాం. సాయణ్, కిమ్ పరిసరాల్లో మరమగ్గాల చప్పుడు వినపడుతుంది. సూరత్ లింబాయత్‌లో కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. వారినెవరూ కత్తితో తరమలేదు. ఊళ్ళో చేమగ్గం కూడు పెట్టక వచ్చారు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. అర్మేనియన్లు కంపెనీతో బేరమాడి రాయించుకొన్నదాని వంటి ఏర్పాటు మనవారికి మునిసిపాలిటీ ద్వారా వచ్చిందన్నమాట. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఉద్యోగానికి గుజరాతీ అవసరమైన పిల్లవాణ్ణి ఏ బడిలో చేర్చాలన్నది ఆ తల్లిదండ్రులకు ఏటా జూన్‌లో ఎదురయ్యే ప్రశ్న. ఇంగ్లీషు బడికి పంపినవారిని తప్పుపట్టే హక్కు మనకు లేదు.

మీలో ఎవరైనా కతార్‌గాం వెళ్తే ఒక పని చేయండి. అర్మేనియన్ లిపిలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య విలువ ఉంటుంది, మన కటపయాది పద్ధతి గుర్తుకు వస్తుంది. సమాధుల మీద సంవత్సరాన్ని తరచు ఆ అక్షరాలతోనే చెక్కుతారు. అక్షరాల పట్టిక ఒకటి కాగితం మీద రాసుకొని వెళ్ళండి. అంకె దొరికితే 551 కలపడం మరచిపోకండి.