బంగారు గనుల ఊరిలో పోలీసు ఉద్యోగం



బంగారుపేట జంక్షనులో మారికుప్పం బండి ఎక్కి వెళ్ళినవారు మీలో చాలామంది ఉంటారు. కోరమాండల్, ఊరిగాం, చాంపియన్, మారికుప్పం అని వరుసగా స్టేషన్లు వస్తాయి. కిటికీలోంచి చూస్తే బూడిద రంగు సైనైడు దిబ్బలు కొండల్లా కనిపిస్తాయి. బంగారం తీసిన తర్వాత మిగిలిన మట్టి అది. నూట ఇరవై ఏళ్ళలో సుమారు ఎనిమిది వందల టన్నుల బంగారం ఈ నేల నుంచి వెళ్ళిపోయింది. దిబ్బలు మాత్రం మనకు మిగిలాయి.

ఆ ఊళ్ళో మిగిలినది మరొకటి కూడా ఉంది. సాధారణంగా ఒక జిల్లాకు ఒక పోలీసు సూపరింటెండెంటు ఉంటాడు. కోలారు జిల్లాకు మాత్రం ఎంతోకాలంగా ఇద్దరు. కోలారులో ఒకరు, కోలారు బంగారు గనుల్లో ఒకరు. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, చాంపియన్ రీఫ్, ఊరిగాం, మారికుప్పం, బేతమంగల, బంగారుపేట, కామసముద్రం వంటి ఠాణాలన్నీ ఈ రెండవవారి కిందికి వస్తాయి. ఇంత చిన్న ప్రాంతానికి వేరే పోలీసు జిల్లా ఎందుకు వచ్చింది? అక్కడి పోలీసు రోజూ చేసిన పని ఏమిటి? అతను ఎవరికి కాపలా కాశాడు? ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నది ఇదే.

మైసూరు ప్రభుత్వాన్ని 1873లో లావెల్ అనే దొర ఇక్కడ తవ్వకాలకు అనుమతి కోరాడు. 1880లో లండను నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ వచ్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలోనే పొదలు మొలిచిన బీడు భూమి పట్టణమైపోయింది. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. చుట్టుపక్కల పల్లెల్లో ఆముదం దీపాలు వెలుగుతున్న రోజుల్లో గనుల ఊళ్ళో విద్యుద్దీపాలు వెలిగాయి. ఉత్తర ఆర్కాటు, సేలం ప్రాంతాల నుంచి తమిళులు, ఇప్పటి చిత్తూరు జిల్లా పల్లెల నుంచి మన తెలుగువారు కూలికి వచ్చారు. వారిలో ఎక్కువమంది దళితులు. ఊళ్ళో అంటరానివాళ్ళుగా బతికినవాళ్ళు భూమి లోపలికి దిగి దేశానికి బంగారం ఎత్తిపోశారు.

బంగారం ఉన్నచోట దొంగతనం భయం ఉంటుంది. 'ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు' అని మనకు సామెత ఉండనే ఉంది. కంపెనీల భయమంతా ఆ ఇంటి దొంగ గురించే. బంగారమున్న రాయి చిన్న ముక్క చాలు. ఇంట్లో రోట్లో వేసి దంచి, పాదరసం కలిపితే బంగారపు రేణువులు దానికి అంటుకుంటాయి. నిప్పు మీద పెడితే పాదరసం ఆవిరైపోయి బంగారం మిగులుతుంది. పెద్ద యంత్రాలు అక్కర్లేదు. అందుకని కంపెనీలు తమ సొంత కావలి బలగాన్ని పెట్టుకున్నాయి. 'వాచ్ అండ్ వార్డ్' అని దానికి పేరు. సర్కారు పోలీసు వేరు, కంపెనీ కావలి వేరు. కాని కూలివాడి కంటికి రెండూ ఒకటే.

చట్టం కూడా కంపెనీ పక్షానే నిలిచింది. మామూలు దొంగతనం కేసులో సొత్తు దొంగిలించబడిందని పోలీసువారే రుజువు చేయాలి. మైసూరు గనుల చట్టం మాత్రం ఆ పద్ధతిని తలకిందులు చేసింది. ఎవరి దగ్గరైనా గనికి సంబంధించిన ముడి రాయి గాని, పాదరసం కలిసిన ముద్ద గాని దొరికిందంటే, అది తన చేతికి ఎలా వచ్చిందో ఆ మనిషే చెప్పుకోవాలి. చెప్పలేకపోతే శిక్ష. ఆ చట్టం ఉన్న ఊళ్ళో పోలీసు ఉద్యోగం ఎలా ఉంటుందో ఊహించండి. సోదా అతని నిత్యకృత్యం. కూలి లైన్లలోని గుడిసె, రచ్చబండ, కంసాలి కొలిమి, తాకట్టు కొట్టు, చివరికి ఊరికి పోయే ఆడమనిషి మూట కూడా అనుమానం కిందికే వస్తాయి.

అయితే శ్రోతలారా, పోలీసు పనంతా సోదాలే అనుకుంటే అది పూర్తి చిత్రం కాదు. పొద్దున్నే ఠాణాలో హాజరు. ఎవరికి ఏ బీటు, ఎవరికి కోర్టు డ్యూటీ, ఎవరు సమన్లు తీసుకుపోవాలి అని అప్పుడే నిర్ణయం. ఠాణా డైరీలో ప్రతి కదలికా రాయాలి. గనిలో రాత్రింబగళ్ళు షిఫ్టులు నడుస్తాయి కనుక బీటుకు కూడా రాత్రి లేదు, పగలు లేదు. జీతాల రోజు వచ్చిందంటే అప్పులవాళ్ళు ఒకవైపు, సారాయి కొట్లు ఒకవైపు. ఆ సాయంత్రం బందోబస్తు తప్పదు. భాషల సంగతి సరేసరి. ఫిర్యాది తమిళంలో చెబుతాడు, సాక్షి తెలుగులో చెబుతాడు, రికార్డు కన్నడంలో రాయాలి, దొర అడిగితే ఇంగ్లీషులో జవాబు ఇవ్వాలి. నాలుగు భాషల్లో నలిగిన కానిస్టేబులు ఈ ఊరి పోలీసు.

అన్నిటికన్నా కష్టమైన పని గనిలో ప్రమాదం జరిగినప్పుడు వచ్చేది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్ళింది. అంత లోతులో రాతి మీద పడే ఒత్తిడికి ఒక్కసారిగా బండ పగిలి మీద పడేది. దానిని రాక్ బర్స్ట్ అంటారు. భూమి అదిరితే పైన ఇళ్ళలోని ఆడవాళ్ళు పిల్లలను చంకనేసుకుని గని నోటి దగ్గరికి పరుగెత్తేవారు. అక్కడ ఆ జనాన్ని ఆపవలసింది పోలీసే. శవం పైకి వచ్చాక పంచనామా రాయవలసిందీ పోలీసే. పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటి మీది గుర్తులు. నిన్న సోదా చేసిన మనిషికి ఇవాళ పంచనామా రాయవలసి వస్తే ఆ కలం బరువు ఎంతో ఆలోచించండి.

ఈ ఊరి చరిత్రలో పోలీసుకు సంబంధించిన ఒక పెద్ద సంఘటన 1930లో జరిగింది. కూలీలందరూ వేలిముద్రలు వేసి సర్టిఫికెట్లు తీసుకోవాలని కంపెనీలు ఆజ్ఞ పెట్టాయి. మనకిప్పుడు రేషను కొట్టులో కూడా వేలిముద్ర వేయడం అలవాటైపోయింది. ఆనాటి సంగతి వేరు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ఎడ్వర్డ్ హెన్రీ దొరగారి పేరు దానికి ప్రసిద్ధి. లెక్క కట్టే పద్ధతిని తయారుచేయడంలో శ్రమపడిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మన దేశపు పోలీసు ఉద్యోగులు. అది పుట్టిందే నేరస్థులను గుర్తుపట్టడానికి. అందుచేత గనుల కూలీలకు వేలిముద్ర అంటే ఠాణాలో దొంగ వేసే ముద్ర. మేము భూమిలోకి దిగి చెమటోడ్చేవాళ్ళమా, లేక కేడీలమా అన్నది వారి ప్రశ్న. ఆ ఒక్క ప్రశ్న మీద వేలాదిమంది పని మానేశారు. వెనుక పెద్ద సంఘం లేదు, పేరున్న నాయకుడు లేడు. మూడు వారాలు గనులు ఆగిపోయాయి. చివరికి కంపెనీలే ఆ పట్టుదల వదులుకోవలసి వచ్చింది.

అది కూలి పెంచమని చేసిన సమ్మె కాదు. మమ్మల్ని దొంగల్లా చూడవద్దని చేసిన సమ్మె. మన కార్మిక చరిత్రలో అలాంటివి అరుదు.

పోలీసు తుపాకి జనం వైపు తిరిగిన రోజులు కూడా ఈ ప్రాంతం చూసింది. హిందూపురానికి దగ్గరలో ఉన్న విదురాశ్వత్థం అప్పట్లో కోలారు జిల్లాలోది. 2007 నుంచి చిక్కబళ్ళాపురం జిల్లాలోకి వచ్చింది. అక్కడ 1938 ఏప్రిల్ 25న జాతీయ జెండా ఎగరేయడానికి కూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. విచారణ సంఘానికి అధ్యక్షత వహించినవారు మన తెలుగువారే, మద్రాసు హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన సర్ వేపా రామేశం గారు. చనిపోయినవారు పదిమంది అని అధికార లెక్క. ముప్పై మందికి పైగా అని ఆ ప్రాంతపు జనం లెక్క. ఇక గనుల ఊళ్ళో 1946 నవంబరు 4న కార్మికుల మీద జరిగిన పోలీసు కాల్పుల్లో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఆరుగురిని అక్కడి కార్మికులు మరచిపోలేదు.

స్వరాజ్యం వచ్చింది. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను తీసుకుంది, 1962లో కేంద్రం చేతికి వెళ్ళాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అయింది. 1963లో బంగారు నియంత్రణ వచ్చి, ఆ తర్వాత కడ్డీ బంగారం ఇంట్లో ఉంచుకోవడమే నేరమైంది. 1990లో ఆ నియంత్రణ చట్టం రద్దయ్యేదాకా దేశంలోని ప్రతి కంసాలికీ గనుల ఊరి భయం కొంత తెలిసివచ్చింది. చివరికి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. కాపలా కాయడానికి బంగారం లేకుండా పోయింది. పోలీసు జిల్లా మాత్రం కొనసాగింది.

మరి ఆ పోలీసు పని ఏమైంది? మూతపడిన గనుల నోళ్ళు, తుప్పు పట్టిన యంత్రాలు, పని లేని యువకులు. 2020 మేలో మారికుప్పం దగ్గర పాత గనిలోకి రహస్యంగా దిగినవారిలో ముగ్గురు ఊపిరాడక చనిపోయారు. వెనుకటి లెక్కలో అది గని దొంగతనం. ఇప్పటి లెక్కలో అది మూడు ఇళ్ళ దుఃఖం కూడా. ఆ చీకటి బావి దగ్గర నిలబడిన పోలీసుకు బంగారాన్ని కాపాడే పని లేదు. మనిషిని దిగకుండా ఆపడమే అసలైన కాపలా. నా ఉద్దేశంలో అతని ఉద్యోగం ఎప్పుడూ అలాగే ఉండవలసింది.

సరిహద్దు జిల్లాలవారం కనుక ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. కుప్పం, వి.కోట, పలమనేరు నుంచి బంగారుపేటకు, గనుల ఊరికి రోజూ రాకపోకలు సాగించేవారు ఎందరో. ఏదైనా జరిగితే 'అది మా హద్దు కాదు, అవతలి రాష్ట్రానికి పో' అనే మాట మన పెద్దలు ఎన్నోసార్లు విన్నదే. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. దానిని జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. రాయడం రాకపోతే నోటితో చెప్పవచ్చు. రాసినది మీకు చదివి వినిపించాలి. దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. ఎవరినైనా అరెస్టు చేస్తే ఇంటివాళ్ళకు తెలియజేయాలి, ఇరవై నాలుగు గంటలలోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి.

ఇవి పోలీసు మనకు చేసే ఉపకారాలు కావు, అతని విధులు. వాటిని అడగడం మన హక్కు. గౌరవంగా అడగడం మన మర్యాద. 1930లో చదువురాని గని కూలీలు మమ్మల్ని మనుషులుగా చూడండి అని అడిగారు. చదువుకున్న మనం అంతమాత్రం అడగలేమా?

ఈసారి మారికుప్పం బండిలో వెళ్ళినప్పుడు ఆ దిబ్బల వైపు ఒకసారి చూడండి. ఆ నీడలో బీటు తిరిగిన కానిస్టేబులునూ, అతని ముందు మూట విప్పి చూపించిన కూలివాడినీ ఇద్దరినీ తలచుకోండి. ఇద్దరూ మన పల్లెల నుంచి వెళ్ళినవాళ్ళే.