చూడనివాడి సాక్ష్యం

1940లో జోడేఘాట్ గుట్టల్లో గోండుల పోరు నడిపిన కుమ్రం భీం పోలీసు తూటాలకు ఒరిగాడు. పోరు అణిగింది గానీ, గోండులు తుపాకీకి ఎదురెళ్లేదాకా ఎందుకొచ్చారో నిజాం సర్కారుకు అంతుపట్టలేదు. అది తేల్చే పని మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌కు అప్పగించింది.

ఆయనది వియన్నా. యుద్ధకాలం కావడంతో బ్రిటిషువారి లెక్కలో శత్రుదేశస్థుడు. హైదరాబాద్ సంస్థానంలో ఉండనిచ్చారంటే అది సర్కారు దయే. ఆ సర్కారు తప్పును ఆయన ఎత్తిచూపగలరా?

భార్య బెట్టీతో కలిసి అప్పటి ఉట్నూర్ తాలూకాలోని మార్లవాయిలో కాపురం పెట్టారు. గోండీ నేర్చారు. తాతల నాటి చేల మీదుగా రిజర్వు ఫారెస్టు హద్దు గీశారని, పట్టా లేని గోండు భూమి కచేరీ మర్మం తెలిసిన బయటివారి పాలవుతోందని రాసిచ్చారు. ఆ నివేదికలు 1945లో ‘ట్రైబల్ హైదరాబాద్’గా అచ్చయ్యాయి. ఉప్పు పెట్టినవాడి తప్పే అందులో ఉంది. సర్కారు ఆయన్ను వెళ్లగొట్టలేదు, సలహాదారుగా పెట్టుకుంది. గోండులకు సాగు భూమి మీద హక్కిచ్చే లావుణీ పట్టాలు అందాయి. 1356 ఫస్లీలో, అంటే 1946లో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది.

హైమెండార్ఫ్ ఇందుకోసం బోనెక్కలేదు. అయినా ఆయనిచ్చింది నిపుణుడి సాక్ష్యమే.

సాక్షి అంటే కళ్లారా చూసినవాడు. చూడకపోయినా చదువుతో, అనుభవంతో కారణం చెప్పగలవాడికి బోనులో చోటు దొరకడం వెనక ఓ రేవు తగాదా ఉంది. ఇంగ్లండులో వెల్స్ రేవు పూడిపోతుంటే, దగ్గర్లో వేసిన కట్టే కారణమా అన్న వివాదం కోర్టుకెక్కింది. 1782లో న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్, ఇంజినీరు జాన్ స్మీటన్ అభిప్రాయం సాక్ష్యంగా చెల్లుతుందన్నారు. మన దగ్గర 1872 సాక్ష్య చట్టం 45వ సెక్షన్‌లో నిపుణుడి మాటకు చోటిచ్చింది. 1899లో వేలిముద్రలు చేరాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో అది 39వ సెక్షన్.

సెక్షన్ మారినా పరీక్ష మారలేదు. కొట్లాట కేసులో పోలీసుల తరఫున సర్కారు దవాఖానా డాక్టరు బోనెక్కుతాడు. ‘ఇది కట్టె దెబ్బేనా?’ అంటే ‘కావచ్చు’ అంటాడు. ‘రాయి మీద పడ్డా ఇలాగే కములుతుందా?’ అని ఎదుటి వకీలు అడుగుతాడు. అదీ నిజమైతే, పిలిచినవారి మొహం మాడినా ‘అవును’ అనాల్సిందే. తెలిసినంతే చెప్పాలి, ఎలా తేల్చాడో చెప్పాలి, తెలియనిది తెలియదనాలి. తీర్పు జడ్జిది. నిపుణుడు ఆయనకు కళ్లద్దం మాత్రమే. అద్దానికి రంగేసుకుని వస్తే మోసపోయేది న్యాయం.

బెట్టీ 1987లో కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో లండన్‌లో పోయిన హైమెండార్ఫ్ అస్థికలనూ 2012లో తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఆయన్ను పంపింది నిజాం సర్కారు. తమవాడిగా ఉంచుకున్నది గోండులు.