మావి మూత్రాశయము దాక పాకినప్పుడు

ప్రసవానంతరము మావి తనంత తాను ఊడిపడవలెను. ఊడక గర్భాశయపు గోడలో నాటుకొనిపోవుటను 1937లో బోస్టన్ వైద్యులు ఇర్వింగ్, హెర్టిగ్ సవిస్తరముగ వర్ణించిరి. ఆనాడది అరుదు. సిజేరియన్ శస్త్రచికిత్సలు పెరిగినకొలది ఇదియు పెరిగినది. పాత కోత మచ్చపై కుదురుకొన్న మావి లోతుగ వేళ్లు దింపును. ఆ మచ్చకు ఆనుకొనియే గదా మూత్రాశయ మున్నది! మావి క్రిందుగ నున్న గర్భిణులలో తొలి సిజేరియన్‌నాడు నూటికి ముగ్గురికి, మూడవనాడు నలుబదిమందికి ఈ చిక్కు కలిగినట్లు 2006 నాటి అమెరికా పరిశీలన తెలిపినది. మూత్రమున రక్తము కనబడుట హెచ్చరికయే. పెక్కుమందికి అదియు కనబడదు. తెలియక లాగినచో రక్తము వరదయగును, మూత్రాశయము చిరుగవచ్చును. పెందుర్తి గర్భిణికి పాత కోత యున్నచో అల్ట్రాసౌండుతో ముందే కనిపెట్టి, 1923లో వెలసిన విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి వంటి పెద్ద చోటికి పంపవలెను. అట్టిచోట మావిని కదల్పక బిడ్డను తీసి, గర్భాశయమును తొలగింతురు. మూత్రావయవ శస్త్రవైద్యుడు ప్రక్కనే యుండును.