గ్రెయినూ, గ్రామూ

1611లో ఆంగ్లేయ వర్తకులు బందరులో వర్తకస్థానము నెలకొల్పినారు. వర్తకము వెంట వారి తూనికలూ క్రమముగా మన దేశమున వ్యాపించినవి. మందులు తూచుటకు వాడిన గ్రెయిను అట్టిదే. గ్రెయిను అనగా గింజ. బరువు సుమారు 65 మిల్లీగ్రాములు. (మన కంసాలికి గురిగింజ ఏనాటినుండో ఉన్నదిగదా!) 1833లో కంపెనీ ప్రభుత్వము తులమునకు 180 గ్రెయినులని స్థిరపరచినది.

1956లో మెట్రిక్ తూనికల చట్టము వచ్చినది. కొంతకాలము పాత కొలతలూ, కొత్తవీ పక్కపక్కనే నడచినవి. చిక్కంతా అక్కడనే. మలేరియాకు ఇచ్చే క్వినైను 10 గ్రెయినులంటే 650 మిల్లీగ్రాములు. దానినే 10 గ్రాములని చదివితే మోతాదు పదిహేను రెట్లు పెరుగును; రోగి ప్రాణమే పోవచ్చును. ఆంగ్లములో రెండింటి పొడి అక్షరాలూ దాదాపు ఒకటే!

నేడు గుడివాడలోనైనా, దివిసీమలోనైనా నర్సు పని నేర్చుకొనువారికి గ్రెయిను బెడద లేదు. లెక్క మాత్రము తప్పలేదు. వైద్యుడు 75 మిల్లీగ్రాములు వ్రాసినాడనుకొనండి. సీసాలో 2 మిల్లీలీటర్లకు 100 మిల్లీగ్రాముల మందున్నది. ఇవ్వవలసినది 1.5 మిల్లీలీటర్లు. చుక్క చెరిగితే 15! అందుచేతనే సగమును 0.5 అని ముందు సున్నతో వ్రాయవలెను, ఒకటిని 1.0 అని వ్రాయరాదు.

కొన్ని ఆస్పిరిన్ బిళ్లలపై 325 మిల్లీగ్రాములని ఉండును. ఈ వింత అంకె ఎక్కడిదంటారా? 65ను 5తో గుణించి చూడండి.