బనియన్లు, జిన్ను, కోడిపుంజుల దాణా: పీబీఏకి 50 ఏళ్ళు

2025 ఏప్రిల్ 9తో ఫిలిప్పీన్స్ బాస్కెట్‌బాల్ లీగ్ పీబీఏకి 50 ఏళ్ళు నిండాయి. ఆ రోజున నడుస్తున్నది మాత్రం 49వ సీజన్. 50వ సీజన్‌కు తెర లేచింది అక్టోబరులో. లెక్కలో పొరపాటేమీ లేదు. 2003 దాకా అక్కడ సీజనంటే ఒక క్యాలెండర్ సంవత్సరం. 2004లో దాన్ని అక్టోబరుకు జరిపారు. మధ్యలో మిగిలిన నెలల్లో ఒక టోర్నీ ఆడించి, దానికి సీజన్ నంబరు వేయకుండా వదిలేశారు. ఆ తర్వాత కూడా తేదీలు అటూ ఇటూ జరుగుతూనే వచ్చాయి. అధిక మాసాలతో సర్దుకుపోయే మన పంచాంగంలాంటిదే వాళ్ళ సీజన్ల పట్టిక కూడా.

కొత్తగా చూసేవాళ్ళకు ఇంకో తికమక ఉంటుంది. ఒక సీజన్ విజేత ఎవరని అడిగితే చాలాసార్లు ఒక్క పేరు దొరకదు. పీబీఏ సీజన్‌లో మామూలుగా మూడు టోర్నీలు. వాటిని కాన్ఫరెన్సులంటారు. దేనికదే మొదలవుతుంది, దేనికదే ఫైనల్, దేనికదే కప్పు. ఒకదాంట్లో స్వదేశీ ఆటగాళ్ళే ఆడాలి. ఇప్పుడు ఫిలిప్పీన్ కప్ అంటున్నది అదే, అందరూ పెద్దదిగా భావించేదీ అదే. మిగతా రెంటిలో జట్టుకొక విదేశీయుణ్ణి, ఎక్కువగా అమెరికావాణ్ణి, తెచ్చుకోవచ్చు. అతన్ని ‘ఇంపోర్టు’ అంటారు. పంచదారనో పెట్రోలునో అన్నట్టు ఉంటుంది గానీ ఆ మాటలో అక్కడివాళ్ళకు చిన్నచూపేమీ లేదు. మంచి ఇంపోర్టుకు గుళ్ళో దేవుడికి జరిగినంత జరుగుతుంది. 2004 నుంచి కొన్నేళ్ళు రెండు టోర్నీలతోనే సరిపెట్టారు. 2010లో మళ్ళీ మూడుకు వచ్చారు. మూడూ ఒకే జట్టు గెలిస్తే గ్రాండ్‌స్లామ్. యాభయ్యేళ్ళలో అది అయిదుసార్లే జరిగింది. దాని సంగతి తర్వాత.

బాస్కెట్‌బాల్ ఆ దీవులకు అమెరికా పాలనతో, వైఎంసీఏ చేతుల మీదుగా వచ్చింది. పాతికేళ్ళు తిరిగేసరికి 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఫిలిప్పీన్స్‌కు అయిదో స్థానం దక్కింది. 1954లో రియో ప్రపంచ పోటీల్లో కార్లోస్ లోయ్‌సాగా ముందుండి ఆడిన జట్టు కాంస్యం తెచ్చింది. ప్రపంచ పోటీల్లో పురుషుల విభాగంలో ఇంకే ఆసియా దేశమూ ఈనాటికీ అంత దూరం పోలేదు. ఇవాళ ఏ ఊరికెళ్ళినా ఇంటి గోడకో, కరెంటు స్తంభానికో, కొబ్బరి చెట్టుకో రింగు వేలాడుతూ కనిపిస్తుంది. హవాయి చెప్పులతోనే ఆడేస్తారు. మన ఊళ్ళో పంచాయతీ ఆఫీసు ఎంత మామూలో, అక్కడ ప్రతి బరంగాయ్‌కీ, అంటే పేటకూ, రేకుల కప్పు వేసిన బాస్కెట్‌బాల్ కోర్టు అంత మామూలు. తుపాను వస్తే జనం తలదాచుకునేదీ అందులోనే. దావావోలో, మనీలాలో మెడిసిన్ చదవడానికి వెళ్ళే మన తెలుగు పిల్లలు క్రికెట్ బ్యాటు వెంట తీసుకెళ్తే దాని మొహం చూసే స్థానికులు బహు తక్కువ.

1975కు ముందు పెద్ద ఆటంతా కంపెనీ జట్లు ఆడే మైకా పోటీల్లో జరిగేది. 1938 నాటి సంస్థ అది. ఆటగాళ్ళు పేరుకు అమెచ్యూర్లు. ఆటను శాసించేది మాత్రం జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం. జీతాలు తామిస్తుంటే పెత్తనం సంఘం చేస్తోందని, జాతీయ జట్టు పేరు చెప్పి తమ ఆటగాళ్ళను లాక్కుపోతోందని కంపెనీలకు గుర్రు. చివరికి తొమ్మిది జట్లు కలిసి సొంత కుంపటి పెట్టుకున్నాయి. పలకల కంపెనీ మారివాసా తరఫున ఎమర్సన్ కోసెతెంగ్ మొదటి అధ్యక్షుడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టుకు కోచ్‌గా ఉన్న లియో ప్రియెతో మొదటి కమిషనర్. 1975 ఏప్రిల్ 9న క్వెజాన్ సిటీ అరనెటా కొలీసియంలో తొలి ఆట జరిగింది. అలీ, ఫ్రేజియర్‌ల మనీలా బాక్సింగ్ పోరు జరిగిందీ ఆ హాల్లోనే, ఆ ఏడాది అక్టోబరులోనే. ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగుల్లో అమెరికా ఎన్‌బీఏ తర్వాత ప్రపంచంలో పాతది పీబీఏనే. ఈ కొత్త సంసారానికి దేశం కట్టిన మూల్యం ఒకటుంది. డబ్బు తీసుకుని ఆడేవాళ్ళను అంతర్జాతీయ పోటీలకు రానిచ్చేవారు కాదు. అందుకని పదిహేనేళ్ళపాటు దేశంలోని మేటి ఆటగాళ్ళెవరూ దేశం తరఫున ఆడలేకపోయారు. నిబంధన మారాక 1990 బీజింగ్ ఆసియా క్రీడలకు వెళ్ళి రజతం తెచ్చారు.

ఈ లీగ్‌లో జట్లకు ఊరి పేర్లుండవు. సరుకుల పేర్లే ఉంటాయి. తొలి తొమ్మిదింటిలో టొయోటా కార్లు, కారియర్ ఏసీలు, సెవెనప్ కూల్‌డ్రింకు, ప్రెస్టో ఐస్‌క్రీము, టాండువాయ్ రమ్ము ఉన్నాయి. క్రిస్పా బనియన్ల కంపెనీ. ఆ జట్టువాళ్ళను ‘రెడ్‌మనైజర్స్’ అనేవారు. ఉతికితే గుడ్డ ముడుచుకుపోకుండా చేసే ఒక పద్ధతి పేరది. బనియన్ల మీది ప్రకటన అలాగే జట్టు బిరుదైపోయింది.

మొదటి పదేళ్ళూ క్రిస్పా, టొయోటాలవే. తొలి సీజన్‌లో మొదటి రెండు కప్పులు టొయోటా పట్టుకుపోతే మూడోది క్రిస్పా గెలిచింది. 1976లో క్రిస్పా మూడింటికి మూడూ ఊడ్చేసింది. కోచ్ బేబీ దలుపాన్. క్రిస్పాలో బోగ్స్ అడార్నాడో, అటోయ్ కో, ఫిలిప్ సీజర్. టొయోటాలో రాబర్ట్ జవోర్స్కీ, రామన్ ఫెర్నాండెజ్, ఫ్రాన్సిస్ అర్నైజ్. ఇళ్ళల్లో అన్నదమ్ములు కూడా చెరో పక్షం పట్టిన కాలం అది. 1977లో ఈ రెండు జట్లూ కోర్టులోనే కొట్టుకున్నాయి. మార్కోస్ సైనిక పాలన నడుస్తోంది. రెండు జట్ల ఆటగాళ్ళనూ ఫోర్ట్ బొనిఫాసియో సైనిక శిబిరానికి తీసుకుపోయి ఒక రాత్రి నిర్బంధించారు. దేశంలో సభలకు, సమ్మెలకు సంకెళ్ళున్న రోజుల్లో జనం గొంతెత్తి అరవగలిగిన చోటు బాస్కెట్‌బాల్ హాలు ఒక్కటే అయింది. ఈ వైరం అంత వేడెక్కడానికి అది కొంత కారణమని నా అభిప్రాయం. 1983 సీజన్ ముగిశాక టొయోటా తప్పుకుంది. ఆ ఏడే రెండో గ్రాండ్‌స్లామ్ కొట్టిన క్రిస్పా కూడా 1984తో సెలవు తీసుకుంది. కంపెనీ జట్టంటే అంతే, యజమాని లెక్కల పుస్తకం మూసేస్తే జట్టూ మూతే.

అభిమానులకు నిలువ నీడ లేకుండా పోవాల్సింది. పోలేదు. వాళ్ళు సరుకును వదిలి మనిషిని పట్టుకున్నారు. టొయోటా మూతపడ్డాక జవోర్స్కీ ఓ జిన్ను కంపెనీ జట్టులో చేరాడు. మరుసటి ఏడు, హినెబ్రా పేరుతో ఆడిన ఆ జట్టుకు కోచ్ కూడా అతనే అయ్యాడు, ఆడుతూనే. 1985 అక్టోబరులో నార్తర్న్ సిమెంట్ జట్టుతో ఆట. ఎదుటి జట్టు అమెరికన్ మోచెయ్యి మూతికి తగిలి పెదవి చీలింది. ఆస్పత్రికి తీసుకెళ్తే తొమ్మిది కుట్లు పడ్డాయి. అప్పటికి అతని వయసు 39. ఇక ఇంటికే అనుకున్నారంతా. ఆట అయిపోకముందే మూతికి పట్టీతో తిరిగొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపటికి లేచి కోర్టులోకి దిగాడు. అతను లేచిన క్షణం నుంచి హాల్లో ఒకరి మాట ఒకరికి వినబడలేదట. అవతలి జట్టు ఆధిక్యం కరిగిపోయింది, ఆట హినెబ్రా గెలిచింది. చావనైనా చస్తాం గానీ వదలం అనే ఆ జట్టు నినాదానికి ఈ రాత్రే పునాది అంటారు. మరుసటి ఏడాది తొలి కప్పు వచ్చింది. జవోర్స్కీ 50 దాటాక కూడా బంతి పట్టుకున్నాడు, 1998లో సెనేటర్‌గా గెలిచాడు.

అదే జట్టు తర్వాత అన్యెహో రమ్ము అయింది, గోర్డన్స్ జిన్ను అయింది, మళ్ళీ హినెబ్రా అయింది. సీసా మారినా జనం మారలేదు. 1999లో యాజమాన్యం జట్టు పేరు ముందు ‘బరంగాయ్’ అని చేర్చింది. పేట జనం ఎప్పుడో సొంతం చేసుకున్న జట్టుకు కంపెనీ ఆలస్యంగా రిజిస్ట్రేషన్ చేయించినట్టయింది.

పేర్ల మార్పులో అందరినీ మించింది ప్యూర్‌ఫుడ్స్. హాట్‌డాగుల పేరుతో మొదలై ఓసారి కోనీ ఐలాండ్ ఐస్‌క్రీమైంది, ఓసారి కాఫీ అయింది, ఇప్పుడు మాగ్నోలియా. 2010 ప్రాంతంలో అయితే బీ-మెగ్ డెర్బీ ఏస్. అది పందెం కోళ్ళ దాణా పేరు. ఆటగాళ్ళ బిరుదు ‘యమాడోస్’, అంటే బరిలో గెలుస్తాయని ఎక్కువమంది పందెం కాసే పుంజులన్నమాట. ఫిలిప్పీన్స్‌లో కోడిపందెం ఊరూరా ఉంది. సంక్రాంతికి భీమవరం వైపు వెళ్ళొచ్చినవాళ్ళకు ఆ జట్టు పేరు విడమరచి చెప్పక్కర్లేదు.

ఆటలో కొత్తకు పీబీఏ ఎప్పుడూ వెనకాడలేదు. మూడు పాయింట్ల గీతను ఎన్‌బీఏ తర్వాత ఏడాదికే, 1980లో తెచ్చుకుంది. అంతర్జాతీయ సమాఖ్య మరో నాలుగేళ్ళకు గానీ కళ్ళు తెరవలేదు. ఆ గీత అవతలినుంచే 1991లో అలన్ కైడిక్ ఒకే ఆటలో 17 వేసి మొత్తం 79 పాయింట్లు చేశాడు. స్వదేశీ ఆటగాళ్ళలో అదే రికార్డు. 2024లో 27 అడుగుల దూరంలో నాలుగు పాయింట్ల గీత గీశారు. నాకైతే అది జనాన్ని హాలుకు రప్పించే తంత్రంలాగే అనిపించింది. కొన్ని ప్రయోగాలు ఇంకా దూరం వెళ్ళాయి. 2014లో బాక్సర్ మానీ పకియావ్ కియా జట్టుకు కోచ్, ఆటగాడు రెండూ తానే అయ్యాడు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

గ్రాండ్‌స్లామ్ సంగతి. క్రిస్పా రెండుసార్లు, 1989లో నార్మన్ బ్లాక్ కోచింగులో శాన్ మిగెల్, 1996లో పాల కంపెనీ అలాస్కా, 2013–14లో శాన్ మిగ్ కాఫీ. బ్లాక్ ఇంపోర్టుగా వచ్చి అక్కడే స్థిరపడ్డవాడు. చివరి రెండింటికీ కోచ్ టిమ్ కోన్. అతనూ అమెరికనే, కానీ పెరిగింది ఫిలిప్పీన్స్‌లో. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అతని జట్టే స్వర్ణం గెలిచింది. ఫిలిప్పీన్స్‌కు ఆ పతకం 1962 తర్వాత మళ్ళీ అప్పుడే. హినెబ్రాకు ఇంపోర్టుగా వచ్చి ఆ దేశ పౌరసత్వం పొందిన జస్టిన్ బ్రౌన్‌లీ అందులో మొనగాడు. ఆ ఏడాది జనవరిలోనే హినెబ్రా, హాంకాంగ్ అతిథి జట్టు బే ఏరియా డ్రాగన్స్‌తో ఆడిన ఫైనల్ ఏడో ఆటకు ఫిలిప్పీన్ అరీనాలో 54,589 మంది వచ్చారు. లీగ్ చరిత్రలో అంత జనం ఎప్పుడూ రాలేదు.

ఆ జనాన్ని చూసి అంతా సవ్యంగా ఉందనుకోలేం. శాన్ మిగెల్ కార్పొరేషన్‌కు మూడు జట్లున్నాయి: శాన్ మిగెల్, హినెబ్రా, మాగ్నోలియా. మాన్యుయెల్ పంగిలినాన్ వ్యాపార కూటమికి మూడు: టీఎన్‌టీ, మెరాల్కో, ఎన్‌ఎల్‌ఈఎక్స్. 2016లో పెయింట్ల కంపెనీ రెయిన్ ఆర్ షైన్ ఒక కప్పు గెలిచింది. అక్కడినుంచి 49వ సీజన్ ముగిసేదాకా ప్రతి కప్పూ ఈ రెండు ఇళ్ళకే చేరింది. మంచి కుర్రాడు చిన్న జట్టుకు దొరికితే ఎన్నాళ్ళు అట్టే ఉంటాడో అభిమానులు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటారు. 1996 గ్రాండ్‌స్లామ్ అలాస్కా 2022లో జట్టును అమ్మేసుకుని వెళ్ళిపోయింది. పీబీఏ ఇచ్చేదానికంటే ఎక్కువ వస్తుందని కొందరు కుర్రాళ్ళు జపాన్ లీగ్ దారి పట్టారు. ఊరి పేర్లతో జట్లు పెడితే బాగుంటుందని 1998లో ఒక పోటీ లీగ్ వచ్చి 2002 నాటికి ఆగిపోయింది. పకియావ్ 2017లో మళ్ళీ అదే పద్ధతిలో మరోటి పెట్టాడు. ఊరి జట్టు ఊరివాళ్ళది, దాన్ని ఊరికే మూసేయలేరు అని వాళ్ళ వాదన. నాకూ అది న్యాయమే అనిపిస్తుంది. కానీ యాభయ్యేళ్ళు జీతాలిచ్చి ఆడించింది సబ్బులూ సీసాలూ అమ్మినవాళ్ళే కదా అంటే జవాబు చెప్పడం కష్టం.

1975 నాటి తొమ్మిదింటిలో ఇప్పటికీ మిగిలినది ఒక్క శాన్ మిగెల్. అప్పుడది తన నారింజ రసం సోడా రాయల్ ట్రూ-ఆరెంజ్ పేరుతో దిగింది, ఇప్పుడు బీరు పేరుతో ఆడుతోంది. ఆ జట్టు సెంటర్ జూన్ మార్ ఫహార్డో 2014 నుంచి 2019 దాకా వరుసగా ఆరు సీజన్లు ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు. 49వ సీజన్‌లో టీఎన్‌టీ మొదటి రెండు కప్పులూ గెలిచి ఆరో గ్రాండ్‌స్లామ్‌కు ఒక్క మెట్టు దూరంలో నిలబడింది. 2025 జూలైలో ఫిలిప్పీన్ కప్ ఫైనల్‌కు ఎదురొచ్చింది శాన్ మిగెల్. నాలుగు ఆటలు శాన్ మిగెల్‌వి, రెండు టీఎన్‌టీవి. మూడు కప్పులూ ఒకే సీజన్‌లో ఒకే జట్టుకు చేరి అప్పటికి పదకొండేళ్ళయింది.